మన రాకెట్‌కి మనమే గట్టింగ్

మూడేళ్ళ కిందట నాకు విశాఖపట్నం నుంచి ఉత్తరాంధ్రలోనే ఒక చిన్న పట్టణానికి బదిలీ అయింది. బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఏమేం మాట్లాడుకుంటారో ఈ పత్రిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. స్కూలు, అద్దె ఇల్లు, గ్యాసు కనెక్షను. మా ఇంట్లో వీటికి తోడు ఇంకో ప్రశ్న వచ్చింది. "నాన్నా, అక్కడ గట్టింగ్ ఎవరు వేస్తారు?" అని మా అమ్మాయి అడిగింది.

అప్పటికి దానికి పన్నెండేళ్ళు. వారానికి ఆరు రోజులు టెన్నిస్ ఆడుతుంది. కొత్త ఊళ్ళో ఆఫీసర్స్ క్లబ్ ఉంది, అందులో సిమెంటు కోర్టు ఉంది, పొద్దున్నే ఆడే నలుగురు పెద్దమనుషులూ ఉన్నారు. షటిల్ బ్యాట్లకి గట్టింగ్ వేసే కుర్రాడొకడు దొరికాడు గానీ, అతని దగ్గరున్న మెషీను టెన్నిస్ రాకెట్‌కి పనికిరాదు. క్లబ్బులో మిగతావాళ్ళు విశాఖ వెళ్ళినప్పుడు వేయించుకొస్తారట. రైల్లో మూడు గంటలు. అదీ పరిస్థితి.

అందుకని బయల్దేరేముందు హడావుడిగా ఒక దుకాణంలో రెండు రాకెట్లకీ గట్టింగ్ వేయించాను. దుకాణం పేరు అనవసరం. "పాలీ వేయించుకోండి సార్, తొందరగా తెగదు" అన్నారు. సరే అన్నాను. ఎన్ని పౌండ్ల బిగువు పెడుతున్నారని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మాయి మోచెయ్యి నొప్పి అంది. మొదట వారం రోజులు నేను పట్టించుకోలేదు. పాల గ్లాసు ఎత్తడానికి ఎడంచెయ్యి వాడుతోందని మా ఆవిడ చూసి చెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పంపిన ఫిజియోథెరపిస్టు చెయ్యి చూసి, రెండు ప్రశ్నలు వేశారు. "రాకెట్‌లో ఏ గట్ వేశారు? ఎన్ని పౌండ్లు?" లోను అడిగినవాళ్ళని పది కాగితాలు అడిగే నా దగ్గర ఈ రెండింటికీ జవాబు లేదు. దుకాణానికి ఫోను చేస్తే 58 పౌండ్లని తేలింది. పన్నెండేళ్ళ పిల్లకి, గట్టి పాలియెస్టరు, 58 పౌండ్లు!

రెండు నెలల విశ్రాంతి, వ్యాయామాలు, మెత్తటి గట్, తక్కువ బిగువు అన్నీ కలిసి ఆ నొప్పిని తగ్గించాయి. ఏది ఎంత తగ్గించిందో విడదీసి చెప్పలేను. కానీ మా పిల్ల చేతిలో ఉన్న వస్తువులో ఏముందో నాకు తెలియకపోవడం ఇంకోసారి జరగకూడదనుకున్నాను. అలా గట్టింగ్ మెషీను మా ఇంటికొచ్చింది.

ముందు ఆ మాట సంగతి. గట్ అంటే పేగు. ఒకప్పుడు రాకెట్ తీగలు నిజంగానే జంతువుల పేగుల నుంచి చేసేవారు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో బబోలా సంస్థ 1875లోనే ఈ తీగలు తయారుచేసింది. ఆవు పేగు పొరలతో చేసే న్యాచురల్ గట్ ఇప్పటికీ దొరుకుతుంది. బిగువు నిలబెట్టుకోవడంలో, చేతికి మెత్తగా ఉండడంలో దాన్ని మించింది లేదు. ఖరీదు ఎక్కువ, తడి తగిలితే పాడవుతుంది. మన సముద్రతీరపు ఉక్కకి అది సరిపడే వస్తువు కాదు. నైలాను వచ్చాక కూడా మనవాళ్ళు పాత పేరే ఉంచేశారు. మా అత్తగారు ఒకసారి ఈ మాటకి అర్థం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెషీను పూజగది పక్కనుంచి అప్పటికప్పుడు కదిలింది. మనది నైలానేనండీ అని రీలు మీది అచ్చు చదివి వినిపించినా తిరిగి రాలేదు. ఇప్పటికీ వెనక వరండాలోనే ఉంది.

ఇవాళ దుకాణంలో మీకు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకే లావు పోగు చుట్టూ సన్నపోగులు చుట్టిన మామూలు నైలాను, దాన్నే సింథటిక్ గట్ అంటారు. చవక, అన్నిటికీ మధ్యస్థం. వందల సన్నపోగులు కలిపి చేసేది మల్టీఫిలమెంట్. చేతికి చాలా మెత్తన, కానీ రాపిడికి పీచులు లేస్తుంది. మూడోది పాలియెస్టరు. 1997లో బ్రెజిల్ ఆటగాడు గుస్తావో కుయెర్తెన్ ఈ తీగతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రపంచమంతా దీని వెంట పడింది. పాలీ నున్నగా ఉంటుంది. బంతిని కోసినట్టు కొట్టినప్పుడు తీగ పక్కకి జారి, మళ్ళీ టక్కున తన చోటికి వస్తుంది. ఆ రావడంలో బంతి ఇంకా గిర్రున తిరుగుతుంది. బలంగా, వేగంగా చెయ్యి తిప్పేవాళ్ళకి ఇది వరం. మిగతావాళ్ళకి అది గట్టి తీగ, అంతే. పైగా ఇది తెగకముందే చచ్చిపోతుంది. పదిహేను ఇరవై గంటల ఆట దాటితే సాగే గుణం పోయి, చూడ్డానికి బాగానే ఉన్నా కొడితే దిమ్మ మీద కొట్టినట్టుంటుంది. "తొందరగా తెగదు" అన్నది గొప్ప గుణంగా చెప్పి అమ్మేది ఇందుకే ప్రమాదం. తెగదు కాబట్టి మనం మార్చం, మార్చం కాబట్టి చెయ్యి మోస్తుంది.

రెండు రకాలు కలిపి వేయడం కూడా ఉంది, హైబ్రిడ్ అంటారు. ఫెడరర్ నిలువు తీగలు న్యాచురల్ గట్, అడ్డతీగలు పాలీ వాడేవాడు. మా అమ్మాయికి మొదటి ఆరు నెలలు పూర్తిగా మల్టీఫిలమెంట్ వేశాను. తర్వాత దాని పోరు పడలేక నిలువుకి పాలీ 46 పౌండ్లు, అడ్డానికి మల్టీ 48 పౌండ్లు పెడుతున్నాను.

బిగువు గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. గట్టిగా బిగిస్తే బంతి గట్టిగా వెళ్తుందని. జరిగేది దీనికి తలకిందులు. తీగలు వదులుగా ఉంటే బంతి తగిలినప్పుడు అవి లోపలికి సాగి, తీసుకున్న శక్తిలో చాలా భాగం తిరిగి బంతికే ఇచ్చేస్తాయి. బిగువుగా ఉంటే తీగలు సాగవు, బంతే నలుగుతుంది. నలిగిన రబ్బరు బంతి ఆ శక్తిలో చాలా భాగాన్ని వేడిగా పోగొడుతుంది. అందుకని వదులు తీగ జోరు, బిగువు తీగ అదుపు. బిగువు ఎక్కువైన కొద్దీ ఆ దెబ్బ చేతికి కూడా ఎక్కువగా చేరుతుంది. ప్రతి రాకెట్ మీదా, పిడికి పైన రెండు కొమ్మలు చీలే చోట, లోపలివైపు ఎన్ని పౌండ్ల నుంచి ఎన్ని పౌండ్ల దాకా వేయొచ్చో అచ్చువేసి ఉంటుంది. ఆ రెంటికీ మధ్యలో మొదలుపెట్టి, పాలీ అయితే నాలుగైదు పౌండ్లు తగ్గించుకోవడం మంచిది. చెక్క రాకెట్ల కాలంలో బోర్గ్ 80 పౌండ్ల దాకా బిగించి ఆడేవాడని చెప్పుకుంటారు. అతని చెయ్యి వేరు.

ఇక మెషీను. ఇందులో మూడు తరగతులున్నాయి. కరెంటుతో పనిచేసేవి దుకాణాలకి. చేత్తో హ్యాండిల్ తిప్పేవి రెండో రకం. మూడోది, నేను కొన్నది, బరువుతో లాగేది, డ్రాప్ వెయిట్ అంటారు. పొలాల్లో ఏతం చూసినవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. ఒక ఇనప కడ్డీ, దాని మీద జరిగే బరువు, కడ్డీ మొదట్లో తీగని పట్టుకునే దవడ. బరువుని 50 గుర్తు దగ్గర పెట్టి కడ్డీని వదిలితే అది మెల్లగా కిందికి దిగుతూ తీగని లాగుతుంది. కడ్డీ నేలకి సమాంతరంగా ఆగితే తీగలో సరిగ్గా 50 పౌండ్లు ఉన్నట్టు. పది డిగ్రీలు అటూ ఇటూ అయినా తేడా ఒకటిన్నర శాతమే, అంటే ఒక పౌండు కూడా కాదు. కాబట్టి బెంగపడక్కర్లేదు. దీనిలో ఇంకో సుగుణం ఉంది. తీగ సాగుతున్నా బరువు లాగుతూనే ఉంటుంది. హ్యాండిల్ మెషీను అనుకున్న బిగువు రాగానే తాళం వేసుకుని ఆగిపోతుంది, ఆ తర్వాత తీగ సాగి కొంత వదులవుతుంది. అందుకే ఒకే 50 పౌండ్లు రెండు చోట్ల రెండు రకాలుగా అనిపిస్తాయి.

పాత గట్ కోసేముందు ఫోనుతో రాకెట్‌కి రెండువైపులా ఫొటో తీసుకోండి. ఏ రంధ్రంలోంచి నిలువు తీగ వెళ్ళింది, ఏది వదిలేసి అడ్డతీగకి ఉంచారు, ముడులు ఎక్కడ పడ్డాయి అన్నది ఒక్కో రాకెట్‌కి ఒక్కో లెక్క. ఆ ఫొటోయే మీ మ్యాన్యువల్. కోయడం కూడా మధ్యలోంచి మొదలుపెట్టి, ఒక నిలువు ఒక అడ్డం చొప్పున అంచుల వైపు వెళ్ళాలి. అన్ని అడ్డతీగలూ ముందే కోసేస్తే నిలువు తీగల లాగుడంతా ఫ్రేము మీద ఒకే దిక్కున పడుతుంది. ఆడుతుండగా ఒక్క తీగ తెగినా ఇదే సూత్రం. ఇంటికెళ్ళి చూద్దాంలే అనుకోకుండా అక్కడికక్కడే మిగతావి కోసేయాలి. అటు బిగువు, ఇటు ఖాళీగా వారం రోజులు బ్యాగులో పడి ఉన్న ఫ్రేము వంకరపోవచ్చు, చిట్లవచ్చు.

రాకెట్‌ని మెషీను మీద పెట్టి తల దగ్గర, మెడ దగ్గర లోపలి నుంచి ఆనుకునేలా బిగిస్తాం. నిలువు తీగలు లాగుతున్నకొద్దీ ఫ్రేము పొడవు తగ్గి పక్కలకి ఉబ్బాలని చూస్తుంది. ఈ ఆనుకుళ్ళు దాన్ని ఆపుతాయి. తర్వాత అడ్డతీగలు పక్కలని లోపలికి లాగి లెక్క సరిచేస్తాయి. అందుకే నిలువు పూర్తిచేసి అడ్డం రేపు చూద్దామని నిద్రపోకూడదు.

మా రాకెట్‌కి 16 నిలువు, 19 అడ్డం. ఒక రాకెట్‌కి సుమారు 12 మీటర్ల తీగ కావాలి. నేను ఆరు మీటర్లకి కాస్త ఎక్కువగా రెండు ముక్కలు తీసుకుంటాను. ఒకే ముక్కతో వేయడం కన్నా కొత్తవాళ్ళకి ఇదే సులువు, రెండు ముడులు ఎక్కువ పడతాయి, అంతే. నిలువు ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో 16 నిలువుల రాకెట్లకి ఒక గుర్తుంది. మెడ దగ్గరి అడ్డపట్టీలో ఆరు రంధ్రాలుంటే కింద నుంచి, ఎనిమిది ఉంటే పై నుంచి. మధ్యలో రెండు తీగలూ ఎక్కించి, ఒకదాన్ని క్లాంపుతో పట్టి ఇంకోదాన్ని లాగాలి. దాన్ని రెండో క్లాంపుతో పట్టి, మొదటిది విడిచి అటు లాగాలి. అక్కణ్ణుంచి కుడికి రెండు, ఎడమకి రెండు. ఒకవైపు మూడుకి మించి ముందుకు పోకూడదు.

అసలు పని అడ్డతీగలది. మొదటిసారి నేను పదకొండో వరస దగ్గర ఒకచోట పైనుంచి పోవాల్సింది కిందనుంచి పోనిచ్చాను. పంతొమ్మిదీ అయి, ముడి వేసి, కత్తిరించి, గొప్పగా చేతికిస్తే అమ్మాయి పది సెకన్లలో వేలు పెట్టి చూపించింది. మూడున్నర గంటల పని! తప్పు చిన్నదే కదా, ఆడుకో అన్నాను. ఒప్పుకోలేదు. నిజానికి పాయింటు దానిదే. తీగలు ఒకదాని పైనుంచి ఒకదాని కిందనుంచి మారుతూ అల్లుకోవాలి, లేదా కలిసే చోట అతికి ఉండాలన్నది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం. దీని వెనక ఒక కథ ఉంది. 1977లో కొందరు ఆటగాళ్ళు అల్లిక లేకుండా రెండు వరసల నిలువు తీగలు, వాటికి ప్లాస్టిక్ గొట్టాలు తొడిగిన రాకెట్లతో వచ్చారు. స్పగెట్టీ రాకెట్ అని పేరు. బంతి ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఆ ఏడాది ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రోవాన్స్‌లో నస్తాసె ఇలాంటి రాకెట్ పట్టుకోగా, అప్పటికి వరసపెట్టి గెలుస్తున్న విలాస్ విసిగిపోయి మ్యాచ్ మధ్యలోనే వదిలేశాడు. వెంటనే ఆ రాకెట్‌ని ఆపేశారు, మరుసటేడు రాకెట్ అంటే ఏమిటో నియమంగా రాశారు.

అప్పట్నుంచి మా ఇంట్లో మేకర్ నేను, చెకర్ అమ్మాయి. ప్రతి నాలుగు అడ్డతీగలకీ ఒకసారి వచ్చి చూసి "ఆథరైజ్డ్" అంటుంది.

మా అత్తగారిది పొందూరు. చిన్నప్పుడు ఇంటి చుట్టూ మగ్గాల మధ్య పెరిగారు. మొదటి వారమంతా దూరం నుంచే చూసి, చివరికి ఉండబట్టలేక, "అల్లుడు గారూ, ఇది పడుగూ పేకే కదండీ. పడుగు బిగువు సరిగ్గా ఉంటేనే పేక తిన్నగా నడుస్తుంది. ఒక వరస బిగించేముందు తర్వాతి వరస నేసుకుని ఉంచుకోండి" అన్నారు. మగ్గం మీద అలా చేస్తారో లేదో నాకు తెలీదు గానీ, గట్టింగ్ చేసేవాళ్ళు పాటించే కిటుకు సరిగ్గా అదే. ఇప్పుడు బిగించబోయే అడ్డతీగని వదిలి, దాని కిందిది ముందే నేసి పెట్టుకుంటే నిలువు తీగలు ఎడంగా తెరుచుకుని ఉంటాయి, వేళ్ళకి సగం శ్రమ తగ్గుతుంది. అడ్డం ఎప్పుడూ తల నుంచి మెడ వైపుకే రావాలి. తల భాగం బలహీనం, మెడ భాగం గట్టి. ఒత్తిడి గట్టి వైపుకి నెట్టుకుంటూ రావడం మంచిది. తీగని రంధ్రంలోంచి సర్రున లాగితే రాపిడికి మెత్తటి నిలువు తీగ కాలినట్టు కోసుకుపోతుంది. విల్లులా వంచి, మెల్లగా లాగాలి. రంధ్రం ఇరుగ్గా ఉందని మొనదేలిన ఆరె పెట్టి పొడిస్తే పక్క తీగకి గాటు పడుతుంది. తీగ చివరని ఏటవాలుగా కత్తిరిస్తే చాలావరకు అదే దూరుతుంది.

ఇప్పుడు నాకు గంట పడుతుంది. ఆదివారం పొద్దున పాటలు వింటూ చేస్తాను.

ఖర్చు లెక్క చెప్పకపోతే బ్యాంకువాణ్ణి కాను. మెషీను సెకండ్ హ్యాండ్‌లో 18,000 రూపాయలకి కొన్నాను. దుకాణంలో రాకెట్‌కి తీగ, కూలీ కలిపి 900 అయ్యేది. 200 మీటర్ల రీలు కొంటే 16 రాకెట్లకి వస్తుంది, నాకు రాకెట్‌కి 400 పడుతోంది. తేడా 500. అంటే 36 రాకెట్లకి మెషీను ఖరీదు రావాలి. నెలకి రెండు చొప్పున ఏడాదిన్నర. రైలు చార్జీలు కలపలేదు. కానీ వారానికి రెండు రోజులు సరదాకి ఆడేవాళ్ళు మెషీను కొనడం దండగ. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు గట్టింగ్ మార్చాలని ఒక పాత లెక్క ఉంది. దాని ప్రకారం మీకు ఏడాదికి రెండు. దుకాణంలోనే వేయించుకోండి, కాకపోతే ఏ గట్, ఎన్ని పౌండ్లు అని అడిగి రాయించుకోండి. క్లబ్బులో నలుగురు కలిసి కొంటే అది వేరే సంగతి.

మెషీను లేకపోయినా రాకెట్ ఉన్న ప్రతి ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తీగ ఎక్కడ తెగిందో చూడండి. మధ్యలో తెగితే అది అరిగి తెగింది, దాని ఆయుష్షు తీరింది. ఫ్రేము అంచున తెగితే బంతి తగలరాని చోట తగిలి ఉండాలి, లేదా అక్కడి ప్లాస్టిక్ గొట్టం, గ్రోమెట్ అంటారు, విరిగి తీగ నేరుగా ఫ్రేముకి ఒరుసుకుంటూ ఉండాలి. రెండుసార్లు ఒకే చోట తెగితే రెండోదే కారణం. గ్రోమెట్ మార్చకుండా ఎంత మంచి గట్ వేసినా అక్కడే తెగుతుంది. తల చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ నేలకి గీసుకుని అరిగిపోయినప్పుడు కూడా మార్చేయాలి. దాని తర్వాత అరిగేది ఫ్రేమే.

పిడి సైజు సరిపోయిందో లేదో చూడ్డానికి, రాకెట్ పట్టుకున్న చేతి వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడువేలు పట్టాలి. పట్టకపోతే పిడి సన్నం, చాలా ఖాళీ ఉంటే లావు. ఓవర్‌గ్రిప్ చుడితే అర సైజు పెరుగుతుంది. ఎదిగే పిల్లలకి సన్నపిడి కొని పైన చుట్టుకోవడమే మేలు. మన చెమటకి ఓవర్‌గ్రిప్ రెండు మూడు వారాలకి మించి ఉంచితే వాసన వస్తుంది, జారుతుంది. కొస సన్నగా ఉన్న వైపు పిడి అడుగున పెట్టి, పైకి కొద్దిగా అంచు మీద అంచు పడేలా చుట్టి, టేపు వేయాలి. ఆ పని మా అమ్మాయే చేసుకుంటుంది.

అన్నిటికన్నా రాకెట్లని ఎక్కువ పాడుచేసేది కారు డిక్కీ. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారులో నాలుగు గంటలుంటే తీగ వదులైపోతుంది. మామూలుగానే కొత్త గట్ మొదటి రోజే దాదాపు పదో వంతు బిగువు పోగొట్టుకోవచ్చు. దాని మీద ఇదొకటి. అందుకే మా ఇంట్లో రాకెట్లు పిల్ల గదిలో, తలుపు వెనక మేకుకి వేలాడతాయి.

పక్కనే ఒక పాత లెడ్జరు పుస్తకం. తేదీ, రాకెట్ నంబరు, గట్ రకం, నిలువు పౌండ్లు, అడ్డం పౌండ్లు, ఎన్ని గంటలు ఆడింది, ఎక్కడ తెగింది. చివరి గడి మా ఆవిడ పెట్టించింది. "చెయ్యి ఎలా ఉంది?" అని. అందులో అమ్మాయి తన చేతిరాతతో రాస్తుంది. గత పద్నాలుగు నెలలుగా ఆ గడిలో "బాగుంది" అనే ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ "పరీక్షలు, ఆడలేదు" అని రాసింది.